రూపాయి పడితే శెనక్కాయ లేచిందా?

2025 డిసెంబరు మొదటి వారంలో డాలరు ధర 90 రూపాయలు దాటింది. టీవీ చర్చల్లో అమెరికాలో చదివే పిల్లల ఫీజుల గురించి, ఐటీ కంపెనీల లాభాల గురించి, షేర్ మార్కెట్ గురించి గంటల తరబడి మాట్లాడారు. నేను విన్నంతలో అనంతపురం మెట్ట చేల మాట ఎవరూ ఎత్తలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఎర్రనేలల మీద డాలరు తగలని ఇల్లు లేదు. డీజిలుగా వస్తుంది, డీఏపీ బస్తాగా వస్తుంది, పామోలిన్ ప్యాకెట్టుగా వస్తుంది, కువైట్ నుంచి పంపిన డబ్బుగా వస్తుంది. రూపాయి బలంగా ఉంటే మేలా, పడితే మేలా అన్న ప్రశ్నను ఇక్కడి మట్టి మీద నిలబెట్టి అడగాలనే ఈ సంవాదం కల్పించి రాస్తున్నాను.

మాట్లాడేది ఇద్దరు. మామది కదిరి దగ్గర పల్లె. వాన నమ్ముకుని శెనక్కాయ వేస్తాడు, కొంచెం భూమికి బోరు ఉంది. అల్లుడు ఆయన చెల్లెలి కొడుకు, అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు. మామకు రూపాయి బలంగా ఉండాలి. అది పడితేనే పండించేవాడు బతుకుతాడని అల్లుడి నమ్మకం.

అల్లుడు: రూపాయి పడిందని నువ్వు దిగులు పడటమేంది మామా? దిగులు పడాల్సింది విదేశీ సరుకు కొనేవాడు. నువ్వు పండించేవాడివి.

మామ: పండించేవాణ్ణి సరే. నా కాయ కదిరిలో అమ్ముతా, నాకు రూపాయల్లో ఇస్తారు. డాలరు మొగం నేను యాడ చూసినా?

అల్లుడు: నువ్వు చూడకపోయినా నీ పంట చూసింది. శెనక్కాయ ఈ సీమలో ఇంత విస్తారంగా ఎట్లా పరుచుకుందో తెలుసు కదా? మన తిండి కోసం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గింజలు ఓడలకెక్కి ఫ్రాన్సులో మార్సెయి రేవుకు పోయేవి. అక్కడి నూనె మిల్లులు, సబ్బుల ఫ్యాక్టరీలు కొనేవి. ఆ గిరాకీకే కొర్ర, జొన్న వేసే చేలు శెనక్కాయ చేలయ్యాయి. తర్వాత ఏమైందో విను. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయి విలువ ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగా ఉండాలంది. ఆ కమిషన్‌లోనే ఉన్న పురుషోత్తందాస్ ఠాకుర్‌దాస్ ఒప్పుకోలేదు. ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు చాలునని అసమ్మతి పత్రం రాశాడు. 1927లో చట్టం తెల్లవాళ్ల లెక్కకే వచ్చింది. రూపాయిని పన్నెండున్నర శాతం బలంగా నిలబెట్టారు.

మామ: దాంతో రైతుకేమి?

అల్లుడు: మార్సెయిలో ఒక పౌను పలికే సరుకుకు నాలుగు పెన్నీల లెక్కలో 15 రూపాయలు రావాలి. ఆరు పెన్నీల లెక్కలో 13 రూపాయల చిల్లర వచ్చింది. శిస్తు తగ్గలేదు, షావుకారి బాకీ తగ్గలేదు. మూడేళ్లు తిరక్కుండానే 1929 మాంద్యం వచ్చి పంటల ధరలు సగానికి సగం కూలాయి. అప్పుడైనా రూపాయిని దించితే రైతు కాస్త ఊపిరి పీల్చుకునేవాడు. దించలేదు. 1931 నుంచి దేశంలోని బంగారం ఓడల మీద లండన్‌కు పోయింది. అందులో పల్లెల్లో అప్పులు తీర్చలేక అమ్ముకున్న నగలు ఎన్నో. బలమైన రూపాయి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నగలు.

మామ: అది నేను కాదనను. అయితే ఆ కాలంలో సేద్యానికి బయట కొనేది ఏముండె చెప్పు. ఎద్దులు ఇంట్లోవి. ఎరువు దిబ్బలోది. విత్తనం గాదెలోది. నీళ్లంటావా, వానే. కొనేది లేదు, అమ్మేది మాత్రం సీమదేశాలకు పోతాండె. అందుకని రూపాయి బలం రైతును కొట్టింది. ఇప్పుడు అంతా తలకిందులైంది అల్లుడూ. నేను కొనేదంతా డాలరు. అమ్మేదంతా రూపాయి.

అల్లుడు: కొనేదంతా డాలరంటే ఎట్లా?

మామ: బోరు కాడ మొదలుపెడదాం రా. బోరు బండి వాడు అడుక్కింత అని మాట్లాడతాడు. వాని బండి తాగేది డీజిలు, ఆ ముడినూనె మనది కాదు. ఆరు నూర్లు, ఏడు నూర్లు, వెయ్యి అడుగులు పోతాండాయి ఇక్కడ. అంత లోతులో మోటరు ఊరకే కాలతాది. కాలితే పైపులన్నీ పైకి లాగి, మోటరు బండిలో వేసుకొని రివైండింగ్ అంగడికి పోతా. వాడు దాన్ని విప్పి, నల్లగా మాడిన రాగి తీగ పీకి, తక్కెట్లో పెట్టి తుక్కు ధర కడతాడు. కొత్త తీగ కిలో లెక్కన చుడతాడు. తుక్కుకూ కొత్తదానికీ నడుమ తేడా ఉండాది చూడు, అది నేను ఇచ్చుకోవల్ల. ఏటా ఆ తేడా పెరుగుతానే ఉంది. ఏమప్పా ఇట్లంటాండావంటే, రాగి ధర లండన్‌లో కడతారంట.

అల్లుడు: అది నిజమే. రాగికి లండన్ లోహాల మార్కెట్‌లో డాలర్లలో ధర కడతారు. 2018లో తూత్తుకుడి స్టెరిలైట్ కర్మాగారం మూతపడేదాకా మనం రాగి ఎగుమతి చేసేవాళ్లం. ఆ తర్వాత దిగుమతి చేసుకునేవాళ్లమయ్యాం.

మామ: డ్రిప్పు పైపు ప్లాస్టిక్కు. అదీ ముడినూనె బిడ్డే. ఇంగ డీఏపీ.

అల్లుడు: డీఏపీ ధర పెరగలేదు మామా. 50 కిలోల బస్తా 1,350 రూపాయల దగ్గరే ఉంది. డాలరు పెరిగితే ఆ భారం కేంద్రం సబ్సిడీలో మోస్తుంది.

మామ: ధర పెరగలే. బస్తా దొరకలే. శెనక్కాయకు దుక్కిలోనే డీఏపీ పడాల. తొలకరి పడినాక నాలుగు దినాలు లేటయితే పదును పోతాది. ఆ నాలుగు దినాలు సొసైటీ కాడ నిలబడినోనికి 1,350 అని బోర్డు మీద రాసుంటే ఏం లాభం?

అల్లుడు జవాబు చెప్పకముందే నేను ఒక మాట కలపాలి. మామ ఇక్కడ పట్టుకున్నది పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపించే సంగతి. రూపాయి పడితే దిగుమతి సరుకు ధర పెరుగుతుందని అందరం చదువుకుంటాం. అమ్మే ధరను ప్రభుత్వం కట్టేసి, సబ్సిడీ పెంచడంలో ఆలస్యం చేస్తే, తెచ్చి అమ్మేవాడికి నష్టమొస్తుంది. వాడు తేవడం తగ్గిస్తాడు. అప్పుడు రూపాయి పతనం ధరలో కనిపించదు, ఖాళీ గోడౌన్‌లో కనిపిస్తుంది. పొటాష్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మన దేశం వాడే పొటాష్ దాదాపుగా అంతా విదేశాలదే.

అల్లుడు: ఖర్చు పెరిగిందని ఒప్పుకుంటా. రాబడి వైపు కూడా చూడాలి కదా. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు శీతల కంటైనర్లతో అరటి రైలు పోయింది. ఆ గెలలు ఇరాన్‌కు, గల్ఫ్‌కు. నార్పల, పుట్లూరు, యల్లనూరు తోటలు డాలర్లు సంపాదించే తోటలయ్యాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే శక్తి. అక్కడ తయారైన కార్లు విదేశాలకు పోతున్నాయి. రూపాయి బలంగా ఉంటే ఆ అరటి ఫిలిప్పీన్స్ అరటితో పోటీ పడలేదు, ఆ కారు ఇంకో దేశం కారుతో పోటీ పడలేదు. కరువు సీమలో ఉద్యోగమంటే నీకు చిన్నగా కనిపిస్తుందా?

మామ: ఉద్యోగం చిన్నదని నేను ఎట్లంటా? ఎర్రమంచికి మన పక్క పిల్లోల్లు ఎంతమంది పోతాండారో నాకూ తెలుసు. ఆ కారులో కొరియా నుంచి వచ్చే సామానుకు డాలర్లు కట్టరా అనేది వాళ్ల లెక్క, దాంట్లో నేను తలదూర్చను. అరటి సంగతి మాత్రం నన్ను అడుగు. 2025 నవంబరులో ఏమైంది? ధర పడిపోయి తోటల్లోనే గెలలు వదిలేసినారు. పేపర్లన్నీ రాసినాయి. ఆ నెల డాలరు ఎంతుండె?

అల్లుడు: 89 దాటింది.

మామ: డాలరు అంత ఎత్తులో ఉండంగానే అరటి అంత పల్లంలో పడింది. ఇంగ రూపాయి పడితే రైతుకు మేలనే మాట యాడ నిలబడె?

అల్లుడు: అరటి ఆరు రోజులు ఆగని పంట మామా. బయటి కొనుగోలుదారు తగ్గినా, పక్క రాష్ట్రాల్లో ఒక్కసారే దిగుబడి వచ్చినా ధర పడుతుంది. ఆ దెబ్బ మారకం రేటుది కాదు. రూపాయి బలంగా ఉండి ఉంటే ఇంకా పల్లానికి పోయేది.

మామ: ఇంకా పల్లమా? తోటలో వదిలేసిన దానికి ఇంకా పల్లం ఏముంది? నేను చెప్పేది అర్థం చేసుకో. రూపాయి పడినప్పుడు మిగిలే లాభం ముంబైలో కంటైనరు బుక్ చేసేవాని కాడ నిలిచిపోతాది. తోటకాడికి వచ్చి టన్నుకింత అనేవాడు డాలరు రేటు చూసి ధర పెంచినట్టు నేను ఎన్నడూ చూడలే. డీజిలు మాత్రం ఎవరి కాడా ఆగకుండా నేరుగా నా ఇంటికొస్తాది.

అల్లుడు: కువైట్ డబ్బు ఎవరి దగ్గర ఆగుతుంది? మీ పెద్దమ్మ మనవరాలు పంపే దినార్లు నేరుగా ఆమె ఖాతాలోకే వస్తున్నాయి. పదేళ్ల కిందట నూరు దినార్లు పంపితే 21 వేల చిల్లర. ఇప్పుడు 29 వేల చిల్లర. కదిరి, రాయచోటి పక్క ఎన్ని ఇళ్లకు అది పైకప్పు వేసింది, ఎంతమంది పిల్లల్ని చదివించింది! రూపాయి బలపడాలని నువ్వు కోరుకుంటే ఆ బిడ్డ చేతిలోంచి ఎనిమిది వేలు లాక్కున్నట్టే.

మామ: ఆ బిడ్డ మాట నాతో అనొద్దు. దాన్ని విమానం ఎక్కించింది నేనే. పదేళ్లుగా అదే ఇంట్లో వంట, అదే చాకిరీ, దినార్లలో జీతం పెద్దగా పెరగలే. రూపాయల్లో పెరిగినట్టు కనిపిస్తాంది. పదేళ్ల కిందట 21 వేలకు వచ్చిన సిమెంటు, ఇటుక, ఇసుక ఇప్పుడు 29 వేలకు వస్తాయా? కూతురికి కొనాల్సిన బంగారం యాడ ఉంది, యాడికి పోయింది? అదీ డాలరే కదా. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటాంటే దాన్ని లాభమనుకుంటాండావు నువ్వు.

అల్లుడు: కువైట్ గురించి నీకు తెలియని సంగతి ఒకటి చెప్తా. 1961 దాకా అక్కడ చెలామణి అయ్యింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసమే 1959లో రిజర్వ్ బ్యాంకు వేరే రంగు నోట్లు వేసింది. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చుకుంది. అప్పుడు ఒక దినారుకు 13 రూపాయల 33 పైసలు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం డాలరు ధరను 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నరకు పెంచగానే ఖతార్, దుబాయి కూడా మన రూపాయిని వదిలేశాయి.

మామ: చూడు మరి! మన నోటు వాళ్ల దేశంలో చెల్లే కాలముండె. ఇప్పుడు మన ఆడబిడ్డలు వాళ్ల నోటు కోసం పోతాండారు. 13 రూపాయలది 290 అయ్యింది. నువ్వు దీన్ని నా తట్టు చెప్తాండావా, నీ తట్టు చెప్తాండావా?

అల్లుడు: ఎవరి తట్టూ కాదు, జరిగింది చెప్తున్నా. గౌరవం లెక్కలో చూస్తే నోటు విలువ ఎప్పుడూ మోసం చేస్తుంది. డాలరుకు 150 యెన్‌లు వస్తున్నాయని జపాన్ పేద దేశమవుతుందా? మన కడప జిల్లా మనిషే, వై.వి.రెడ్డి, రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా 1997 ఆగస్టులో గోవాలో మాట్లాడుతూ రూపాయి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ విలువలో ఉందన్నాడు. ఆ మాటకు మార్కెట్లో రూపాయి దిగింది. చాలామంది తప్పుపట్టారు. దేశంలో ధరలు బయటి దేశాలకన్నా వేగంగా పెరుగుతుంటే, నోటును పాత రేటు దగ్గర బిగించి పట్టుకోవడం ఎగుమతిదారు మెడకు ఉరి బిగించడమే. ఎక్కువకాలం అట్లా పట్టుకుంటే చివరికి 1991 వస్తుంది. చెల్లింపులకు డాలర్లు లేక 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌లకు తాకట్టుకు పంపారు. జులై మొదటి వారంలో పి.వి. ప్రభుత్వం రెండు విడతల్లో రూపాయిని దించింది. అది ముందే కొంచెం కొంచెంగా దిగి ఉంటే అంత నొప్పి ఉండేది కాదు.

మామ: నేనూ కొంచెం కొంచెమనే అంటాండా. నేను భయపడేది దిగడానికి కాదు, జారిపోవడానికి. 2013లో ఏమైంది?

అల్లుడు: ఆగస్టు 28న 68 రూపాయల 85 పైసల దాకా పోయింది. దువ్వూరి సుబ్బారావు గవర్నరుగా ఉన్న చివరి రోజులు. అమెరికా తన డబ్బు ముద్రణ తగ్గిస్తామనగానే పెట్టుబడులు వెనక్కి పరుగెత్తాయి. అదే అదనుగా మన బలహీనత బయటపడింది. అంతకుముందు ఏడాది మన దేశం విదేశాలకు కట్టేది, రాబట్టేదానికన్నా జీడీపీలో 4.8 శాతం ఎక్కువైంది. దానికి బంగారం దిగుమతి ఒక పెద్ద కారణం.

మామ: అట్లాంటి మూడు నెలల్లో పంట పెట్టినోడు ఏం గావాల? విత్తినప్పుడు ఒక రేటు, మందు కొట్టేటప్పుడు ఇంకో రేటు. వానే నిలకడ లేనిది మాకు. రూపాయి కూడా అట్లే అయితే మేము దేన్ని నమ్ముకోవల్ల?

వీళ్లిద్దరి వాదంలో పడి ఒక విషయం వదిలేస్తామేమోనని ఇక్కడ రాస్తున్నాను. ఒకే రూపాయి ఒకే రోజు ఈ జిల్లాల్లో ఒకరిని పైకెత్తి, పక్కవారిని దించుతుంది. చైనా పట్టుదారం ఖరీదైతే హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే మల్బరీ రైతుకు గిరాకీ. అదే దారం ధర్మవరం మగ్గం దాకా వచ్చేసరికి నేతగానికి మోయలేని బరువు. దానికి తోడు జరీలో వాడే వెండీ డాలరుతోనే పెరుగుతుంది. చీర ధర పెంచితే కొనేవాళ్లు తగ్గుతారు, పెంచకపోతే కూలి తగ్గుతుంది. రాయదుర్గం కుట్టు యూనిట్ల జీన్స్ ఎక్కువగా మన దేశంలోనే అమ్ముడవుతుంది కాబట్టి ఎగుమతి లాభం వాళ్లకు అందదు. రూపాయి పతనం రాయలసీమకు లాభమా నష్టమా అని మొత్తంగా అడిగితే జవాబు రాదు. ఎవరికి అని అడగాలి. శెనక్కాయ రైతుకు ఏమిటి అన్న ప్రశ్నకే నేను తిరిగి వస్తున్నాను. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు లక్షల హెక్టార్లకు పైగా పరుచుకున్న పంట అది.

అల్లుడు: శెనక్కాయ మాటకొస్తే నా వాదమే నెగ్గుతుంది మామా. నీ కాయకు పోటీ ఏది? పామాయిల్. అది ఇండోనేసియా నుంచి, మలేసియా నుంచి డాలర్లలో వస్తుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే. రూపాయి పడితే పామాయిల్ ప్రియమవుతుంది. అప్పుడు మిల్లువాడు నీ కాయ వైపు చూస్తాడు. ఇంతకన్నా సూటిగా రూపాయి పతనం నీకు మేలు చేసే దారి లేదు.

మామ: ఆ దారిలో గేటు ఉండాది. అది తీసేదీ వేసేదీ ఢిల్లీలో.

అల్లుడు: దిగుమతి సుంకం గురించా?

మామ: నాకు లెక్కలు రావు. నువ్వే వేసి చూపించు. పోయిన ఏడాది ముందటేడు సుంకం పెంచినారని మన పక్క అందరం సంతోషపడితిమి. ఆనాటి రేటు, ఈనాటి రేటు రెండూ పెట్టి లెక్క చెప్పు.

అల్లుడు: సరే. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద సుంకం, సెస్సులతో కలిపి 27.5 శాతానికి పెంచారు. అప్పుడు డాలరు దాదాపు 84 రూపాయలు. టన్ను వెయ్యి డాలర్లే అనుకుందాం. 84 వేలకు సుంకం కలిపితే 1,07,100 రూపాయలు. 2025 మే 30న సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. డిసెంబరులో డాలరు 90. 90 వేలకు 16.5 శాతం కలిపితే... 1,04,850.

మామ: మళ్లీ చెప్పు.

అల్లుడు: రూపాయి ఆరు రూపాయలు పడింది. పామాయిల్ రేవులో దిగే ధర రెండు వేలు తగ్గింది.

మామ: ఇదే నేను అడిగేది. రూపాయి పడితే నాకు రావాల్సిన మేలును సుంకంలో తగ్గించేసినారు. డీజిలు మీద, రాగి మీద, పొటాష్ మీద పడే కీడును మాత్రం ఎవరూ తగ్గించలే. మే 30 అంటే ఏ కాలం? విత్తనకాయ కొని, ఒలిచి, వాన కోసం ఆకాశం తట్టు చూసే కాలం. అప్పుడు ఈ వార్త వింటే శెనక్కాయ వేయల్లంటావా, వద్దంటావా?

అల్లుడు: ఇది ఈ ఒక్కసారి జరిగింది కాదు, నిజమే. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టి స్వయంసమృద్ధి అన్నారు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తీశారు. 1998కి సుంకం 15 శాతానికి దించారు. 2018 మార్చిలో ముడి పామాయిల్ మీద 44 శాతం. 2021 అక్టోబరుకు అసలు సుంకం సున్నా, మిగిలింది సెస్సు మాత్రమే. 2022లో రూపాయి 74 నుంచి 83 దరిదాపులకు పడింది. ఆ పతనంలో పామాయిల్‌కు అడ్డుగోడ దాదాపు లేదు. అయినా మామా, నువ్వు ఒకటి గమనించాలి. ఇది రూపాయి తప్పు కాదు. సుంకం తప్పు. నువ్వు కోప్పడాల్సింది మారకం రేటు మీద కాదు.

మామ: ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండే మనుషులు కాదా? రూపాయి పడితే నూనె ధర పెరుగుతాదని భయపడే సుంకం దించుతారు. రూపాయి నిలబడి ఉంటే దించే అవసరమే రాదు. నాకు అందుకే రూపాయి బలంగా ఉండల్ల అనిపిస్తాది.

అల్లుడు: బలంగా ఉంటే పామాయిల్ అప్పుడూ చౌకే కదా!

మామ: చౌకే. అయితే నా డీజిలూ చౌకే. ఇప్పుడు నాకు రెండు పక్కలా దెబ్బ, అప్పుడు ఒక్క పక్కే.

ఇక్కడ అల్లుడు చాలాసేపు మాట్లాడలేకపోయాడని రాస్తే నేను మామ పక్షం వహించినట్టవుతుంది. నిజానికి నేను వహిస్తున్నాను. మెట్ట రైతు విషయంలో బలహీన రూపాయిని సమర్థించేవాళ్లు ఒక షరతు మరిచిపోతున్నారు. అమ్మే సరుకు ధర పెరగడానికి అనుమతి ఉన్నప్పుడే పతనం పండించేవాడికి మేలు. ఆ అనుమతి ఐటీ కంపెనీకి ఉంది, కియాకు ఉంది, కువైట్‌లో వంట చేసే ఆడబిడ్డకు కూడా కొంత ఉంది. శెనక్కాయ రైతుకు లేదు. అయితే అల్లుడి తర్వాతి మాట కూడా తోసెయ్యదగింది కాదు.

అల్లుడు: సుంకం 44 శాతం దగ్గరే ఉంచమంటావు. నీ చేన్లో కాయ పీకే కూలోళ్లు ఇంటికి పోయి దేంతో వండుకుంటారు మామా?

మామ: పామోలిన్‌తోనే.

అల్లుడు: నీ ఇంట్లో?

మామ: పండగలకు శెనక్కాయ నూనె. తక్కిన దినాల్లో... ప్యాకెట్టే. గానుగ నూనె కొనే తాహతు శెనక్కాయ పండించే మాకే లేదని నాకు తెలీదనుకున్నావా?

అల్లుడు: అందుకే ఢిల్లీలో కూర్చున్నవాడు సుంకం దించుతాడు. నూట నలభై కోట్ల మంది కొనేవాళ్లు, కొన్ని లక్షల మంది పండించేవాళ్లు. ధర పెరిగితే ముందు అరిచేది కొనేవాళ్లు.

మామ: కొనేవానికి చౌకగా ఇయ్యాలంటే నా నోట్లోంచి తీసి ఇయ్యాల్సిన పని లేదు. 2013లో అమ్మహస్తమని పెట్టి రేషన్ అంగడిలో పామోలిన్ లీటరు 40 రూపాయలకు ఇయ్యలేదా? ఇండోనేసియా నూనెను రేషన్‌లో ఇచ్చే ప్రభుత్వానికి అనంతపురం నూనె ఇచ్చే దారి తెలీదా? మా కాయ కొని, ఆడించి, మా కూలోళ్లకే ఇయ్యమను.

అల్లుడు: దానికి డబ్బు?

మామ: నువ్వే చెప్పు. ఆ సుంకం తగ్గించినందుకు పోయిన దుడ్లు ఎన్ని?

అల్లుడు: దేశం వంటనూనె దిగుమతి ఏడాదికి లక్షన్నర కోట్ల రూపాయలు దాటింది. అందులో ఎక్కువ భాగం ముడినూనె. 27.5 నుంచి 16.5కు తగ్గించారు. అంటే పదకొండు శాతం. ఉజ్జాయింపుగా పదిహేను వేల కోట్ల రూపాయలు అనుకో.

మామ: అదంతా నూనె ప్యాకెట్టు కొనేవానికి పోయిందా?

అల్లుడు: అంతా పోలేదు. కొంత కొనేవాళ్లకు, కొంత రిఫైనరీలకు పోయింది. వంటనూనె దిగుమతిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. మనం సుంకం తగ్గించగానే అక్కడ అమ్మేవాళ్లు ధర కొంచెం పెంచుతారు. ఆ మేరకు ఇండోనేసియా, మలేసియా తోటలకు పోయింది.

మామ: శెనక్కాయకు 2025లో మద్దతు ధర ఎంత కట్టినారు?

అల్లుడు: క్వింటాలుకు 7,263 రూపాయలు.

మామ: ఆ ధరకు కొనేవాడు వచ్చినాడా?

అల్లుడు: దేశంలో చాలా మార్కెట్లలో అంతకన్నా తక్కువకే పోయింది.

మామ: అయితే నీతో నేను ఒక ఒప్పందానికొస్తా. రూపాయి ఎంత పడాలో రిజర్వ్ బ్యాంకు ఇష్టం, నేను అడగను. విత్తే ముందు ఒక సుంకం చెప్పి, కాయ అంగడికి వచ్చి అమ్ముడుపోయేదాకా దాన్ని మార్చొద్దని చెప్పమను. ఆ మాట రాయించుకొని రా. నేను రేపట్నించి నీ పక్కే వాదిస్తా.

అల్లుడు: జూన్ నుంచి జనవరి దాకా ఏ ప్రభుత్వమూ నూనె ధర మీద చేతులు కట్టుకుని కూర్చోదు మామా. మధ్యలో దసరా, దీపావళి వస్తాయి.

మామ: నేను జూన్ నుంచి జనవరి దాకా చేతులు కట్టుకునే కూర్చుంటాండా కదా, చేన్లో పెట్టిన దుడ్లన్నీ పెట్టేసి. వాళ్లను కూడా ఒక్క ఏడాది కూర్చోమను.